ఆఖరి చరణం మీద నా పాట

మా కొత్తకోట చుట్టుపక్కల మందిరాల్లో 'తెగిన పోగు' పాట రాని వాళ్లు లేరు. పెళ్లికి పాడుతారు, చావుకి పాడుతారు, కొత్త ఇంట్లో పాలు పొంగించిన రోజు కూడా పాడుతారు. పాటల పుస్తకంలో ఆ పాట కింద నా పేరు అచ్చయి ఉంది. కొత్తగా వచ్చిన పాస్టరు ఎవరైనా నన్ను చూపించి "ఈ పాట కట్టింది ఈ పెద్దాయనే" అంటే జనం మెడలు తిప్పి చూస్తారు. నేను తల దించుకుంటాను. వాళ్లు దాన్ని వినయం అనుకుంటారు.

ఆ పాటలో నేను కట్టిన మాట ఒక్కటీ లేదు. పైగా అందులో ఉండాల్సిన నాలుగు మాటలు లేకుండా చేసింది నేను. ఈ సంగతి తెలిసిన వాళ్లు నేను కాక ఇద్దరు. వాళ్లు ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఉంటే నాకు ఇంత బరువు ఉండేది కాదేమో.

నేను ఉపదేశి కొడుకుని. మా నాయిన సంచిలో బైబిలు పెట్టుకుని ఊరూరూ కాలినడకన తిరిగిన మనిషి. నేను నడవలేదు. మిషన్ బడిలో పంతులు ఉద్యోగం చేసుకుంటూ హార్మోనియం ముందు కూర్చున్నాను. మా వాడ మొత్తంలో ఆ మెట్ల మీద వేళ్లు ఆడించగలిగిన వాణ్ణి నేనొక్కణ్ణే. కాబట్టి గొప్పవాణ్ణే. పోటీ లేని చోట గొప్పతనానికేం తక్కువ.

బడి పక్కనే మిషన్ దవాఖాన. అందులో కాంపౌండరుగా చేసే ఒకాయన నాకు దోస్తు. నాకంటే రెండేళ్లు పెద్ద, నన్ను తమ్మీ అనేవాడు. చేతులు పొద్దంతా మందు సీసాలు కడిగి ఎండిపోయి ఉండేవి కానీ డోలక్ మీద పడితే ఆ చేతులే వేరు. ఆదివారం ఆరాధన అయ్యాక ఇద్దరం దవాఖాన వరండాలో కూర్చుని పాటలు కట్టేవాళ్లం. పుస్తకంలో ఉన్న కీర్తనలు కోస్తా నుంచి వచ్చినవి. రాగం బాగుండేది, మాటలు మా పల్లెల్లో ఎవరికీ అర్థమయ్యేవి కావు. "కృపాసముద్రా" అంటే మా ముసలమ్మలు సముద్రం అనే ఆయన ఎవరని అడిగేవాళ్లు. అందుకని నాట్ల పాటల బాణీలో, బతుకమ్మ బాణీలో మా మాటలు పెట్టి ఇంటి పాటలు కట్టేవాళ్లం. నేను కట్టినవి అన్నీ చక్కగా తూకం వేసినట్టు ఉండేవి. ఒక్కటీ ఎవరి నోటా నిలవలేదు.

మూడో మనిషి అలా పాడుతుండగా వచ్చాడు. కొత్తకోటలో మగ్గం నేసే సాలోళ్ల ఇంటి మనిషి. ఆయన బిడ్డకి జ్వరం తలకెక్కితే దవాఖానలో చేర్చాడు. పదకొండు రోజులు ఆ వరండాలోనే పడుకున్నాడు. బిడ్డ బతికింది. ఆ తర్వాత కూడా ఆదివారం ఆదివారం వస్తూనే ఉన్నాడు. ఇంట్లో "దవాఖానకు పోయొస్త" అని చెప్పి వచ్చేవాడు. మొదట వరండా మెట్ల మీద కూర్చున్నాడు, తర్వాత గడప మీద, ఎండాకాలం వచ్చేసరికి లోపల మా చాప మీద. నాకంటే నాలుగైదేళ్లు పెద్ద కనుక నేను అన్నా అనేవాణ్ణి. బడి పంతుల్ని కనుక ఆయన నన్ను సారూ అనేవాడు.

ఆయన గొంతు గురించి చెప్పాలంటే నాకు ఇప్పటికీ కొంచెం కష్టం. వాళ్ల వీధి భజనలో తండ్రీ కొడుకులే ముందు పాడేవాళ్లు. తండ్రి తాళాలు పట్టుకుని ఎత్తుకుంటే కొడుకు అందుకునేవాడు. ఆ గొంతు తండ్రి నుంచి వచ్చింది, తండ్రికి ఆయన తండ్రి నుంచి వచ్చింది. నాకు హార్మోనియం నేర్పింది మిషన్ ట్రైనింగు బడి. తేడా ఏమిటో వినేవాడికి చెప్పక్కర్లేదు.

ఒక ఆదివారం ఆయన మొహమాటపడుతూ "నేను గూడ ఒకటి కట్టిన సారూ" అన్నాడు. మగ్గం మీద కూర్చుని కాళ్లు ఆడిస్తూ కట్టాడట. కాగితం లేదు, కలం లేదు. కళ్లు మూసుకుని పాడాడు.

"తెగిన పోగు పారెయ్యవు తండ్రీ, ఏరి ముడివేస్తవు
ముడి కనపడకుంట నేస్తవు."

కాంపౌండరు డోలక్ మీద చేతులు పెట్టి కొట్టడం మరిచిపోయాడు. నేను "బాగుందన్నా" అన్నాను. బాగుంది అన్న మాట చిన్నదని నాకు అప్పుడే తెలుసు. అంతకంటే పెద్ద మాట నా నోట్లోంచి రాలేదు.

మూడు చరణాలు నా నోటుపుస్తకంలో రాసుకున్నాను. ఇంకొకటి ఉండాలి అన్నాడాయన.

"ఆఖరు చరణంల కట్టినోని గుర్తు ఉండాలె సారూ. పేరో, ఊరో, చేసే పనో. మా భజన పాటలన్నిట్ల ఉంటది. గా గుర్తు లేకుంటే కొంగు నెయ్యకముందే మగ్గం మీదికెళ్లి కోసిన చీరె అయితది."

మా మిషను పాటల్లో ఆ పట్టింపు లేదు. ఎక్కడ ఊపిరి అయిపోతే అక్కడ ఆమేన్ అనేవాళ్లం. "మరి నీ గుర్తు ఏం పెడుతవన్నా?" అని అడిగాను. ఆయన చాప పోగులు సర్దాడు. తర్వాత ఆ మాట చెప్పాడు. వాళ్ల బాపుకి, అంటే తండ్రికి, తన మనసు యేసు వైపు తిరిగిన సంగతి తెలియదు.

"వాడకట్టోళ్ల ఫికర్ లేదు సారూ. నిప్పియ్యకున్నా నీళ్లియ్యకున్నా బతుకుత. బాపు సంగతే. బాపు నన్ను కొట్టడు, తిట్టడు. ఏమనడు. తాళాలు కింద పెట్టి లేసిపోతడు. మల్ల నా పక్కన కూసొని పాడడు. గదే నాకు భయం."

"అయితే చెప్పకు," అన్నాడు కాంపౌండరు.

"చెప్పకుంట ఎన్నొద్దులు? బాపు ముందట అబద్ధం ఆడుతున్నట్టే ఉన్నది. నాలుగైదుసార్లు చెప్దామని కూసున్న, నోరు రాలే. పాటైతే చెప్తది. బాపు పాటను ఆఖరు దాంక వినకుంట లేవడు."

ఇది ఆయన మాకు చెప్పింది. నేను విన్నాను, అర్థం చేసుకున్నాను, తల కూడా ఊపాను. తెలియక చేశాను అని చెప్పుకోవడానికి నాకు ఏ సందూ లేదు.

ఆ చలికాలం మా దవాఖాన దొరసానమ్మ సెలవు మీద వాళ్ల దేశం పోయి వస్తూ టేపు మిషను తెచ్చింది. మూత తీస్తే రెండు పళ్లేల్లాంటి చక్రాలు, వాటి మధ్య గోధుమరంగు పట్టీ. వారపు అంగడి రోజున జీపు మీద పెట్టి పాటలు వినిపిస్తే జనం పోగవుతారని, అప్పుడు మశూచి గురించి, నీళ్లు కాచుకోవడం గురించి చెప్పొచ్చని ఆవిడ ఆలోచన. పాటలు మీరే కట్టినవి పాడండి అంది. ఒక్కటే రీలు ఇచ్చింది. అరగంట పడుతుంది. ఏది ఉండాలో ఏది వద్దో మీరే చూసుకోండి అంది.

ఆవిడ పుస్తకాల్లో నేర్చుకున్న తెలుగు మాట్లాడేది. మేం ముగ్గురం ఒకసారి పాడి వినిపిస్తే అన్న వైపు తిరిగి "ఇతని స్వరము నన్ను ఏడిపించుచున్నది" అంది. నా వైపు తిరిగి "మీరు కాలము తప్పక వాయించెదరు" అంది. మెచ్చుకోలే అది. గడియారాన్ని కూడా అలాగే మెచ్చుకుంటారు. నాకు ఆ రాత్రి అన్నం సయించలేదు.

ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. అన్న ఇంకా బాప్తిస్మం తీసుకోలేదు. అయినా వచ్చిన దొరలందరికీ ఆయన్నే చూపించేవాళ్లు, ఇతను నేతవారి వీధి నుంచి వస్తాడు అని. మా నాయిన కాళ్లు అరిగేలా తిరిగాడు, నేను పుట్టినప్పటి నుంచీ మా ప్రార్థన గుడిసెలో మోకాళ్ల మీదే ఉన్నాను, మమ్మల్ని ఎవరికి చూపించారు? మేం ఎలాగూ ఉన్నవాళ్లం. ఉన్నవాళ్లని ఎవరు లెక్కపెడతారు. ఇదంతా అన్న తప్పు కాదని నాకు తెలుసు. తెలిసి కూడా ఆయన మీదే పెట్టుకున్నాను.

రికార్డు చేసింది ఒక ఆదివారం మధ్యాహ్నం, దవాఖానలో దుప్పట్లు పెట్టే గదిలో. ఆ గది ఎందుకంటే మోత ఉండదు. గోడలకి కూడా కంబళ్లు వేలాడదీశాం. పంకా గురగురమంటుందని ఆపేశాం. ముగ్గురి చొక్కాలూ వీపుకి అతుక్కుపోయాయి. మైకు ఒక్కటే. అన్నని దాని ముందు కూర్చోబెట్టాం, నా హార్మోనియం రెండు గజాలు ఇవతల, డోలక్ తలుపు దగ్గర. కాంపౌండరు రెండు మీటలు కలిపి నొక్కి, పరుగున పోయి డోలక్ ముందు కూర్చునేవాడు. అందుకే ఆ రీలులో ప్రతి పాటకీ ముందు చెప్పుల చప్పుడు వినిపిస్తుంది.

మొదటి పాట పాడి తిప్పి విన్నాం. జీవితంలో మొదటిసారి నా గొంతు నేను విన్నాను. జలుబు చేసిన వాడెవడో పాడుతున్నాడనిపించింది. "గిదేనా నా గొంతు?" అంటే కాంపౌండరు పడి పడి నవ్వాడు. అన్న గొంతు మాత్రం బయట ఎలా ఉందో మిషనులోనూ అలాగే ఉంది.

ఆరు పాటలు అనుకున్నాం. నాలుగు కలిసి పాడినవి, అయిదోది అన్నది, ఆరోది నేను ఒక్కణ్ణే పాడే నా పాట. అన్న పాట నాలుగు నిమిషాలు పడుతుందని లెక్క వేసుకున్నాం. ఆయన మగ్గం దగ్గర పాడినట్టే తీరుబడిగా పాడాడు, ఏడు నిమిషాలు దాటింది. నాలుగో చరణం మేం ఎవరమూ అప్పటిదాకా వినలేదు. మూడోది అయ్యాక నేను చిన్న వాయింపు వాయించాను, ఆయన గుండెల నిండా ఊపిరి తీసుకుని ఎత్తుకున్నాడు.

"మగ్గం గుంతల కూసున్నోణ్ణి, సాలోళ్ల ఇంటి బిడ్డను
బాపు పక్కన పాడెటోణ్ణి, యేసూ, నీవోణ్ణి నేను."

వాళ్ల భజన పద్ధతిలో ఆ చరణాన్ని రెండుసార్లు పాడాడు. రెండోసారి "బాపు" అన్న చోట గొంతు కొంచెం వణికింది. ఆపి మళ్లీ పాడదామా అని నేను సైగ చేయలేదు, ఆయన కళ్లు తెరిచి ఉంటే కదా.

అయ్యాక చూస్తే చక్రం మీద పట్టీ దాదాపు అయిపోయింది. నా పాటకి జాగా లేదు. అన్న చాలా నొచ్చుకున్నాడు. "నా వల్లనే సారూ, సాగదీసిన" అన్నాడు. "ఏం కాదన్నా, నాది ఎప్పుడైనా పాడుకోవచ్చు" అని నవ్వాను. ఆయన బస్సుకి టైమైందని వెళ్లిపోయాడు. వెళ్తూ తలుపు దగ్గర ఆగి, "చెప్పిన సారూ. ఇంక నా చేతిల ఏం లేదు" అన్నాడు. ఆ మొహం నేను మరిచిపోలేదు. బరువు దించుకున్న మనిషి మొహం.

ఆయన పోయాక రీలు వెనక్కి తిప్పమని కాంపౌండరుని అడిగాను. మూడో చరణం అయిపోయే దగ్గర ఆపించాను. అక్కడి నుంచి నా పాట ఎక్కిస్తే ఆ జాగాలో ఉన్న నాలుగో చరణం చెరిగిపోతుంది.

నేను చెప్పిన కారణాలు అన్నీ మంచివే. ఈ చరణం అంగడిలో వినిపిస్తే నేతవాళ్ల వీధి మొత్తం దవాఖాన మీదికి వస్తుంది అన్నాను. పిల్లలకి మందు ఇప్పించడం మానేస్తారు అన్నాను. బాప్తిస్మం కాని మనిషి తన గుర్తు పెట్టుకుంటే పెద్దలు ఏమంటారో అన్నాను. చివరికి ఆయన మంచికే అన్నాను. నాకు బాగా గుర్తుంది, "ఆయన మంచికే" అన్నప్పుడు నా చూపు మైకు మీద ఉంది.

కాంపౌండరు వినీ వినీ "ఆయన్ని అడిగి చెయ్యి తమ్మీ" అన్నాడు.

"చెప్త. వచ్చే ఆదివారం చెప్త."

"చెప్పుడు వేరే, అడుగుడు వేరే."

అంతకంటే ఏమీ అనలేదు. లేచి వెళ్లి డోలక్ గుడ్డలో చుట్టుకున్నాడు. నా పాటకి డోలక్ కొట్టలేదు. రెండు మీటలు నేనే కలిపి నొక్కాను, నేనే వచ్చి హార్మోనియం ముందు కూర్చున్నాను, మూడున్నర నిమిషాలు పాడాను. ఆ పాట ఏమిటని ఇప్పుడు అడిగితే నాకు పల్లవి కూడా రాదు.

తిప్పి విన్నాను. అన్న మూడో చరణం అయింది, నా వాయింపు అయింది, ఆయన గుండెల నిండా ఊపిరి తీసుకున్నాడు. ఆ ఊపిరి మిగిలిపోయింది. ఊపిరి తర్వాత టక్ అని ఒక చప్పుడు, ఆ వెంటనే జలుబు చేసినట్టు నా గొంతు. ఇంకో రెండు వేళ్లు వెనక్కి తిప్పి ఉంటే ఆ ఊపిరి కూడా పోయేది. ఇంతమాత్రం ఎవరు గమనిస్తారులే అనుకుని మూత పెట్టేశాను.

ఆ తర్వాతి ఆదివారం ఆయన వచ్చాడు. నేను నోరు తెరిచేలోపే "అంగడి దినం బాపును తోలుకొస్త సారూ. పాట వినిపిస్త అని చెప్పిన. బాపు వస్త అన్నడు" అన్నాడు. పండగ చొక్కాకి గుండీలు కుట్టించుకున్నానని కూడా చెప్పాడు. కాంపౌండరు నా వైపు చూశాడు. చెప్పాల్సిన క్షణం అదే. ఒక్క వాక్యం చాలు. అన్నా, ఆ చరణం లేదు, నేను చెరిపేశాను.

"మంచిదన్నా" అన్నాను.

ఆ వారమంతా వాన పడాలని ప్రార్థించాను. మా పాలమూరు మనుషులు వాన కోసం ప్రార్థించడం కొత్త కాదు. అంగడి తడిసి, జీపు బయటికి రాకుండా ఉండాలని ప్రార్థించిన వాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే అయి ఉంటాను. బ్యాటరీ చెడిపోవాలని కూడా అడిగాను. దేవుడు వినలేదు. అలాంటివి వినకూడదు కూడా.

అంగడి రోజు మధ్యాహ్నం జీపు మిరపకాయల రాశుల పక్కన ఆపారు. బానెట్ మీద టేపు మిషను, పైన గన్నేరు పువ్వులాంటి మైకు. చూస్తుండగానే జనం మూగారు. పెట్టెలోంచి పాట వస్తుందంటే రాని వాళ్లెవరు. అన్న తండ్రిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. తెల్ల ధోవతి, భుజాన రుమాలు, సన్నగా ఎండిన మనిషి. ఎవరో బస్తా జరిపి కూర్చోబెట్టారు. అన్న పక్కనే నిలబడ్డాడు. గుండీలన్నీ పెట్టుకున్నాడు, మెడ దగ్గరిది కూడా. నేను మిషను పక్కన నిలబడి ఉన్నాను. కాంపౌండరు ఏదో పని ఉందని ఆ రోజు రాలేదు.

నాలుగు పాటలు అయ్యాయి. అయిదోది మొదలైంది. పల్లవి రెండో వరుసకే తండ్రి వేళ్లు మోకాలి మీద తాళం వేయడం మొదలుపెట్టాయి. తలెత్తి కొడుకుని చూశాడు.

"గిది నీ గొంతే గదరా."

"నాదే బాపు."

"పాడితేంది, మనం పీర్ల పండుగకు గూడ పాడుతం," అని పక్కవాళ్లకి చెప్పుకున్నాడు పెద్దాయన. పాడటం తప్పు కాదు ఆయన లెక్కలో. ఏ దేవుడి దగ్గరైనా పాడొచ్చు. ఎవరి వాడివో చెప్పే చోటు పాటలో వేరే ఉంది, ఆ చోటు ఎక్కడో తండ్రీ కొడుకులిద్దరికీ తెలుసు.

"ఆఖరు దాంక విను బాపు," అన్నాడు అన్న.

మొదటి చరణం. రెండోది. పెద్దాయన కళ్లు మూసుకున్నాడు. ముడి కనపడకుండా నేయడం గురించి వచ్చిన చోట తల ఆడించాడు, పనితనం తెలిసిన వాడు ఆడించినట్టు. మూడో చరణం. అన్న చేతులు రెండూ చొక్కా అంచు పట్టుకున్నాయి. నా వాయింపు. పైన మైకులోంచి ఆయన ఊపిరి పీల్చడం అంగడి అంతటికీ వినిపించింది.

టక్.

నా పాట.

అన్న నా వైపు చూశాడు. కోపంగా కాదు. కండెలో నూలు అయిపోయిందేమో చూసుకునేవాడిలా, మొదట మిషను వైపు, తర్వాత నా వైపు. నేను జీపు అద్దం తుడుస్తున్నట్టు చెయ్యి పెట్టాను.

పెద్దాయన కళ్లు తెరిచాడు. "గిదేంది? పాట తెంపిండ్రు. కొంగేది?" అన్నాడు. కొడుకుని మోచేత్తో తాకి, "మంచిగున్నది పాట. ఎవలు కట్టిండ్రు?" అని అడిగాడు.

అన్న నోరు తెరిచాడు. ఇప్పటికీ నాకు అనిపిస్తుంది, నేను అప్పుడు ఒక్క అడుగు ముందుకు వేసి ఉంటే ఆయన చెప్పేవాడని. నా పాట ఇంకా నడుస్తోంది. నేను ఆ పాట వింటున్నట్టు నిలబడ్డాను. ఆయన నోరు మూసుకున్నాడు, మళ్లీ తెరిచాడు.

"గీ సారే కట్టిండు బాపు."

పెద్దాయన బస్తా మీంచి లేవబోయాడు, నాకు దండం పెట్టడానికి. నేను దగ్గరికి పోయి ఆపాను. నా చేతులు తన రెండు చేతుల్లోకి తీసుకుని చూశాడు. నా వేళ్లకి నూలు గీతలు లేవు.

"మగ్గం పని గింత లోపలికెళ్లి ఎట్ల తెలుసు బిడ్డా నీకు?"

"నీ కొడుకు చెప్తే విన్న పెద్దయ్యా," అన్నాను.

అది నిజమే. ఆ రోజు నేను ఆడిన ఒక్క నిజం అది, దాన్ని కూడా అబద్ధానికి వాడుకున్నాను.

తర్వాత అన్న రెండు ఆదివారాలు వచ్చాడు. గడప మీద కూర్చున్నాడు. మూడో ఆదివారం రాలేదు. నేను వెళ్లి అడగలేదు. కాంపౌండరు నాతో మాట్లాడుతూనే ఉన్నాడు కానీ పాటలకి మాత్రం పిలిస్తే రాలేదు. ఏడాది తిరక్కుండానే ఆయన్ని వేరే ఊరి దవాఖానకి పంపారు. అన్న బాపు ఆ మరుసటి ఏడు నాట్లప్పుడు పోయాడు. నేను వెళ్లాను. వీధి మొదట్లో నిలబడ్డాను, భజనవాళ్లు పాడుతున్నారు, ముందు అన్న పాడుతున్నాడు. పక్కన తాళాలు వేరే ఎవరి చేతిలోనో ఉన్నాయి.

పాట మాత్రం ఆగలేదు. జీపు ఎక్కడికి పోతే అక్కడికి పోయింది. షాద్‌నగర్ దాకా, అటు హుజూర్‌నగర్ దాకా పాడుతున్నారని విన్నాను. ఎవరూ నా పాట పాడలేదు. అందరూ మూడు చరణాలు పాడి, ఆమేన్ అని కూర్చునేవాళ్లు. పాటల పుస్తకం అచ్చు వేసేవాళ్లు దొరసానమ్మ దగ్గర రీలు విని, కట్టినవారెవరని నా దగ్గరికి మనిషిని పంపారు. ఇంకొక అవకాశం. అన్న పేరు చెబితే ఆయనకే చిక్కు వస్తుంది అనుకున్నాను. పేరు లేకుండా వేయమని చెప్పొచ్చు కదా, అది తోచలేదు. పాట నాదని ఆయనే కదా అన్నాడు, అంగడిలో అందరి ముందూ, అనుకున్నాను. మనిషికి కావలసినప్పుడు ఎంత తెలివి వస్తుందో.

పుస్తకం అచ్చయి వచ్చాక ఆరు నెలలు పెట్టెలో దాచాను. తర్వాత ఒక రోజు మధ్యాహ్నం బడి సెలవు పెట్టి కొత్తకోట పోయాను. అన్న మగ్గం గుంతలో ఉన్నాడు. నన్ను చూసి కాళ్లు ఆపాడు. ఆయన భార్య మంచినీళ్లు తెచ్చి ఇచ్చి లోపలికి పోయింది. పుస్తకం తీసి ఆ పేజీ చూపించాను. ఆయనకి చదవడం కూడబలుక్కుని వస్తుంది. పాట మీద వేలు పెట్టి పోగులు లెక్కపెట్టినట్టు నెమ్మదిగా కిందికి జరిపాడు. చివరికి వచ్చాక వేలు ఆగింది.

"కింద చిన్న అక్షరాలల్ల ఏం రాసిండ్రు సారూ? నాకు ఆనతలేదు."

నా పేరు నేనే చదివి వినిపించాను.

ఆయన తల ఊపి పుస్తకం మూశాడు. అప్పుడు చెప్పాను. టేపు అయిపోవడం కాదు, మిషను చెడిపోవడం కాదు, వెనక్కి తిప్పి నా పాట నేనే ఎక్కించానని. ఆయన మంచికి కాదని, నాకు కడుపుమంట అని.

"ఎరికే సారూ," అన్నాడు. "గా దినమే ఎరికైంది. నా ఊపిరి ఉన్నది గద. పాడకుంటే ఊపిరెందుకు తీస్త?"

"మరి నన్ను ఎందుకు అడగలేదన్నా?"

"అడిగి ఏం జేస్త? మీరు నా చరణం చెరిపిండ్రు. బాపు అడిగినంక నోరు మూసుకున్నది నేను." పుస్తకం నా వైపు జరిపి, "గా తప్పు మీ మీద పెట్టను," అన్నాడు.

తిట్టి ఉంటే బాగుండేది. ఆయన తన వంతు తాను తీసుకుని పక్కన పెట్టుకున్నాడు. నా వంతు నాకు మొత్తం మిగిలిపోయింది, పంచుకోవడానికి ఎవరూ లేకుండా.

పుస్తకం మళ్లీ అచ్చు వేస్తారని, ఈసారి నాలుగో చరణం పెట్టిస్తానని, నా పేరు తీయిస్తానని చెప్పాను. నేను రాసుకొచ్చానని జేబులోంచి కాగితం కూడా తీశాను. చరణం అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది నాకు. చెరిపిన వాడికే గుర్తుంటుంది అలాంటిది.

ఆయన కాగితం అందుకోలేదు.

"వద్దు సారూ. గా చరణం ఊరికి చెప్పెటందుకు కట్టలే. బాపుకు చెప్పెటందుకు కట్టిన. బాపు పక్కన పాడెటోణ్ణి అని ఉన్నది అండ్ల. బాపు లేడు. ఇప్పుడు పాడితే అబద్ధం అయితది."

తర్వాత ఆయన అడ్డపోగు వేసే నాడె చేతిలోకి తీసుకున్నాడు. మగ్గం చప్పుడు మొదలైంది. నేను ఇంకాసేపు కూర్చుని, చెప్పి వచ్చేశాను. ఆయన మాట తీసేయలేక ఆ చరణం పెట్టించలేదు. నా పేరు తీయించమని ఒక ఉత్తరం రాశాను. రెండో అచ్చులో కూడా అలాగే వచ్చింది, మళ్లీ రాయలేదు.

ఇప్పటికీ మందిరంలో ఆ పాట ఎత్తుకుంటే నేనూ అందరితో పాటు పాడుతాను. మూడో చరణం అయిపోగానే నాకు తెలియకుండానే గుండెల నిండా ఊపిరి తీసుకుంటాను. చుట్టూ అందరూ ఆమేన్ అని కూర్చుంటారు. నేను ఆ ఊపిరి పట్టుకుని కాసేపు నిలబడి ఉంటాను, తర్వాత కూర్చుంటాను.